ఆ వానపద్దు పుస్తకాన్ని ఎవరూ అడగలేదు

మన కరువు జిల్లాల పల్లెల్లో వాన లెక్క రాసే మనుషులున్నారు. అనంతపురం, కర్నూలు, కడప, ప్రకాశం మెట్ట ఊళ్లలో, అటు మహబూబ్‌నగర్, నల్లగొండ పల్లెల్లో ఇప్పటికీ అక్కడొకరు ఇక్కడొకరు కనిపిస్తారు. పొద్దున ఎనిమిదిన్నరకు రెయిన్‌గేజి గరాటు తీసి, లోపలి సీసాలో పట్టిన నీళ్లు కొలపాత్రలోకి వంపి, కంటికి ఎదురుగా పెట్టి చూసి అంకె రాసుకుంటారు. పదిహేను రోజులకోసారి బోరులోకి టేపు దించి నీళ్లెంత లోతున ఉన్నాయో అదీ రాస్తారు. ఏళ్ల తరబడి రాశారు. ఆ పుస్తకాలు ఇప్పుడేవీ అంటే అటకెక్కాయనో, చెదలు పట్టాయనో, పాత కాగితాలవాడికి తూకానికి వేశామనో చెబుతారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కడుపు రగిలిపోతుంది. ఒక ఊరి నీళ్ల చరిత్ర కిలోల లెక్కన పోయింది, పోయిందని బాధపడిన ఆఫీసు ఒక్కటీ లేదు.

ఊళ్లో వానకూ నీళ్లకూ తెగకుండా సాగే పద్దు ఒకటుండాలంటే అందరూ తల ఊపుతారు. ఎలా రాయాలన్న దగ్గరే పేచీ. సమావేశం పెడితే మొదట వినిపించే మాట యాప్. దాని వెనకాలే సెన్సరు, డ్యాష్‌బోర్డు వస్తాయి. ఎవరో ఒకరు గోడమీద బోర్డు రాయిద్దామంటారు, వచ్చినవాళ్లకు కనిపిస్తుందని. రూళ్ల లాంగ్‌బుక్కు, బాల్‌పెన్ను అనే మాట ఎవరి నోటా రాదు. వస్తే నవ్వుతారు. ఈ పద్ధతులన్నిట్లో ఇరవై ఏళ్ల తర్వాత ఊళ్లోనే తెరిచి చదువుకోగలిగేది ఆ పుస్తకం ఒక్కటేనని చెప్పబోతే పాతకాలపు మనిషంటారు. పాతకాలం మీద మోజుతో నేనీ మాట అనడం లేదు. పని జరిగిన చోట ఏం మిగిలిందో చూసి అంటున్నాను.

ఆ పని జరిగింది మన దగ్గరే. 2000 తర్వాతి దశాబ్దంలో, ఉమ్మడి రాష్ట్రంలో, భూగర్భజలాన్ని రైతులే కొలిచి చూసుకునే పథకం నడిచింది. ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ అనేవాళ్లు. డబ్బు నెదర్లాండ్స్ ప్రభుత్వానిది, తోడు నిలిచింది ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, ఊళ్లలో తిరిగి పని చేసినవి స్వచ్ఛంద సంస్థలు. ఏడు జిల్లాల్లో ఆరు వందల పైచిలుకు ఊళ్లు అందులో ఉన్నాయి. పెద్దగా చదువుకోని రైతులు కూడా వాన కొలిచారు, బోరు మట్టం కొలిచారు, డ్రమ్ము నిండటానికి ఎన్ని సెకన్లు పడుతోందో స్టాప్‌వాచీతో చూసి బోరు ఎంత పోస్తోందో కట్టారు. రబీ ముందు ఊరంతా కూర్చుని ఆ అంకెలు ఎదురుగా పెట్టుకుని నీటి బడ్జెట్ వేశారు. ఇంత వాన పడింది, అందులో ఇంత భూమిలోకి దిగింది, ఇన్ని ఎకరాల వరి వేస్తే ఇంత లోటు వస్తుంది. ఎకరం మీద ఒక మిల్లీమీటరు నీళ్లంటే నాలుగు వేల లీటర్ల పైమాట. వరికి 1,200 మిల్లీమీటర్లు కావాలంటే ఎకరానికి 48 లక్షల లీటర్లు తోడాలి. ఈ లెక్క ఇంజనీరు చెబితే ఒక చెవిన విని వదిలేసే రైతు, తన పుస్తకంలోంచి తనే కట్టుకున్నప్పుడు ఆగి ఆలోచించాడు. 2010లో ప్రపంచ బ్యాంకు భారతదేశపు భూగర్భజలాల మీద వేసిన నివేదిక ఈ పనిని ప్రత్యేకంగా మెచ్చుకుంది.

తర్వాత పథకం అయిపోయింది. జీపులు రావడం మానేశాయి. చాలా ఊళ్లలో కొలతలూ ఆగిపోయాయి. ఆ తర్వాతి ఏళ్లలో వెళ్లి చూసిన పరిశోధకులు ఆ అలవాటు నిలవలేదని తేల్చారు. వాళ్లు చూసింది అబద్ధమని నేననను. కానీ నిలబడటానికి ఊరికి ఏం మిగిల్చామన్న ప్రశ్న వేసినవాళ్లు తక్కువ. అంకెలన్నీ పైకి వెళ్లాయి, కంప్యూటర్లకెక్కాయి, గ్రాఫులయ్యాయి. ఊరికి గోడమీద వెలిసిపోయిన బోర్డు మిగిలింది. సంక్రాంతికి సున్నం కొడితే అదీ పోయింది. ఎవరూ అడగకపోయినా కొందరు రాస్తూనే ఉన్నారు చూడండి, వాళ్ల చేతిలో ఉన్నది పుస్తకం. పథకం పెట్టిన పద్ధతులన్నీ పథకంతోపాటు లేచిపోయాక కూడా సాగింది అదే. దానికే ఏ నివేదికలోనూ చోటు దొరకలేదు.

గోదావరి వరదకు మనం ఇచ్చే మర్యాద ఒకసారి చూడండి. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు. ఈ అంకెలు ఆ తీరంలో చాలామందికి నోటికి వచ్చు. అక్కడ రోజూ కొలిచారు, రాశారు, రాసింది దాచారు. అందుకే వరద వస్తోందంటే పాత అంకెతో పోల్చి మంచం ఎక్కడికి చేర్చాలో, గొడ్లను ఎప్పుడు తోలుకుపోవాలో తేల్చుకుంటారు. కరువుకు అలాంటి అంకె ఉన్న ఊళ్లు ఎన్నో ఉండవు. బోరు ఏ నెలలో ఎంత లోతుకు దిగితే ఆ ఏడు చేలు ఎండాయో ఊరికి గుర్తులేదు. ఎండిపోయాక ఇంకో బోరు వేస్తారు. ఆరు వందల అడుగులు, తగలకపోతే ఎనిమిది వందలు, వెయ్యి. బోరు పాయింటు పెట్టేవాడు చేతిలో కొబ్బరికాయ పట్టుకుని వస్తాడు గానీ, పక్క బోరు పదేళ్లలో ఎలా దిగిందో చూపే కాగితం ఎవరి దగ్గరా ఉండదు. ఆ కాగితం ఉంటే ఎన్ని అప్పులు తప్పేవో అనిపిస్తుంది.

పుస్తకం విలువ తెలియాలంటే అందులోని సున్నాలు చూడాలి. వాన పడిన రోజు రాయడానికి ఎవరికైనా ఉత్సాహం ఉంటుంది. పడని రోజు కూడా గేజి దగ్గరికి నడిచి, ఖాళీ సీసా చూసి, తేదీ వేసి సున్నా పెట్టడం వేరు. వేరుశనగ చేనుకు చావు తెచ్చేది ఈ సున్నాల వరసే. జూలైలో 90 మిల్లీమీటర్లు పడిందని నెల మొత్తం చెబుతుంది. ఒకే రాత్రి కురిసి వంకలు పొర్లి, ఆ తర్వాత ఇరవై రోజులు చినుకు లేకపోయినా మొత్తం 90 అనే ఉంటుంది. ఊడలు దిగే వేళకు నేల గట్టిపడి ఉంటే పంట చేతికి రాదన్నది రైతుకు తెలుసు. ఆ ఇరవై రోజులకు సాక్ష్యం ఆ పుస్తకంలో ఒకదాని కింద ఒకటి నిలబడిన సున్నాలు.

అందుకే పద్ధతి ఎంచుకునేటప్పుడు మన పాత షావుకార్ల లెక్క గుర్తు చేసుకోమంటాను. వాళ్లు ముందు చిట్టా రాసేవాళ్లు. ఏ రోజు ఏది జరిగితే అది, జరిగిన వరసలో. ఆ తర్వాత తీరిగ్గా ఆవర్జాలోకి ఖాతాల వారీగా ఎక్కించేవాళ్లు. వానపద్దుకూ ఇదే సరైన దారి. ఊళ్లో ఉండాల్సింది చిట్టా. రైతుకు కార్తెల వారీ మొత్తం కావాలి, ఆరుద్రలో ఎంత, మఖలో ఎంత అని. వ్యవసాయాధికారికి నెలవారీ కావాలి. బీమా వాళ్లకు ఎన్ని రోజులు వరసగా వాన లేదో కావాలి. రోజువారీ వరస ఉంటే ఈ మూడూ అందులోంచి తీసుకోవచ్చు. నెల మొత్తాలు మాత్రమే దాచుకున్న ఊరికి మిగతా రెండూ ఏనాటికీ దొరకవు. యాప్‌లు చాలావాటిలో పైకి పంపిన అంకె పంపిన మనిషికి మొత్తంగానో రంగుల పటంగానో తిరిగి వస్తుంది, అదీ వస్తే. అతని వరస అతని చేతిలో ఉండదు. ఫోను మారితే, నంబరు మారితే, పథకం పేరు మారితే లోపలికి వెళ్లే దారే మూసుకుపోతుంది.

యంత్రాల మీద నాకు కోపం లేదు. రెండు రాష్ట్రాల్లోనూ ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు మండలాల్లో నిలిచాయి, మంచిదే. అర్ధరాత్రి ఏ గంటలో ఎంత జోరుగా కురిసిందో అవి చెప్పగలవు, మనిషి చెప్పలేడు. వరద హెచ్చరికకు అది ప్రాణం. అయితే రాయలసీమ వాన మండలాన్ని చూసి కురవదు. గుట్టకు ఇవతల ఊళ్లో వంక పారితే అవతల ఊళ్లో దుమ్ము లేస్తుంది. పైగా యంత్రం గరాటులో ఆకులు పడి నీటి దారి మూసుకుపోయినా అది సున్నా అనే పంపుతుంది. ఆ సున్నాకూ, నిజంగా ఎండిన రోజు సున్నాకూ దూరాన కూర్చుని తేడా చెప్పడం కష్టం. పుస్తకంలో అయితే పక్క గడిలో ఉంటుంది: గరాటులో పిట్ట పుల్లలు పెట్టింది, తీసేశాను, ఈ రోజు లెక్క నమ్మొద్దు. ఈ వాక్యం రాయగలిగిన సెన్సరు నేనింకా చూడలేదు.

రైతు రాసింది ఎలా నమ్మాలని అడుగుతారు. ఈ ప్రశ్న నన్ను మిగతా అన్నిటికంటే ఎక్కువ నొప్పిస్తుంది, ఎందుకంటే మన దేశపు వాతావరణ శాస్త్రం మొత్తం ఇలాంటి చేతిరాత మీదే లేచింది. 1864లో కలకత్తాను తుపాను ముంచాక, 1866లోనూ 1871లోనూ వానలు ముఖం చాటేశాక, 1875లో భారత వాతావరణ శాఖ పుట్టింది. తాలూకా కచేరీల ముందు రెయిన్‌గేజిలు పెట్టారు. అక్కడి గుమాస్తాలు పొద్దున్నే కొలిచి రాసిన అంకెలు మద్రాసుకూ కలకత్తాకూ సిమ్లాకూ వెళ్లాయి. 1904 నుంచి 1924 దాకా ఆ శాఖను నడిపిన గిల్బర్ట్ వాకర్, ఇలాంటి పద్దులను దేశదేశాల పద్దులతో కలిపి చూసి, పసిఫిక్ మీద గాలి ఒత్తిడి ఒక పక్క పెరిగితే మరో పక్క తగ్గే ఊగిసలాటను పట్టుకున్నాడు. ఎల్‌నినో అని ఈ రోజు టీవీల్లో చెప్పుకునే కథకు సగం పునాది అదే. వాకర్ పేరు పాఠ్యపుస్తకాల్లో ఉంది, ఉండాల్సిందే. ఆ పొద్దుటి అంకెలు రాసిన గుమాస్తాల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు.

మన విశాఖపట్నానికీ ఇందులో వాటా ఉంది. గోడె వెంకట జగ్గారావు 1840ల నాటికే డాబాగార్డెన్స్‌లో సొంత డబ్బుతో వేధశాల కట్టుకున్నాడు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపాడు. 1868 సూర్యగ్రహణాన్నీ, 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు సాగిన వేళనూ చూసి లెక్క రాశాడు, దాంతోపాటు రోజువారీ వాతావరణ పరిశీలనలు ఏళ్ల తరబడి సాగించాడు. ఇంగ్లండులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయన్ను సభ్యుడిగా తీసుకుంది. ఈ రోజు విశాఖలో డాబాగార్డెన్స్ మీదుగా రోజూ తిరిగేవాళ్లలో ఆయన పేరు ఎందరు విన్నారు? ప్రభుత్వ ఉద్యోగిగా కాక తన ఇష్టంతో తన ఊళ్లో కూర్చుని రాసిన మనిషికి మనమిచ్చిన స్థానం అది. పల్లెలో వాన రాసే మనిషికి అంతకంటే ఏం దక్కుతుంది!

మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ సంగతి కూడా చెప్పాలి. 1975లో ఆ సంస్థ మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లి, దోకూరుతోపాటు మహారాష్ట్రలోని మరి నాలుగు ఊళ్లలో పరిశోధకులను కాపురం పెట్టించి, కుటుంబాల పంట, కూలి, అప్పు, తిండి లెక్కలు కొద్ది వారాలకోసారి రాయించింది. వాటిలో కొన్ని ఊళ్లలో అదే వరస పదేళ్లు సాగింది. 1994లో రాబర్ట్ టౌన్‌సెండ్ అనే ఆర్థికవేత్త ఔరేపల్లి లెక్కలూ మరి రెండు ఊళ్ల లెక్కలూ తీసుకుని, కష్టకాలంలో పల్లె జనం ఒకరినొకరు ఎలా ఆదుకుంటారన్న దాని మీద రాసిన వ్యాసాన్ని ప్రపంచమంతా చదివింది, ఇప్పటికీ చదువుతోంది. ఆ లెక్కల్లో మెరుపులేమీ లేవు. ఎవరు ఎన్ని శేర్ల జొన్నలు తిన్నారు, ఎన్ని రోజులు కూలికి పోయారు, అంతే. తెగకుండా రాశారు, భద్రంగా దాచారు. మా ఊరి వానపద్దును కూడా అలాగే దాచమని అడిగితే అది అత్యాశ ఎందుకవుతుందో నాకు అర్థం కాదు.

ఇక తప్పుల సంగతి. చేతిరాతలో తప్పులుంటాయి, కానీ వాటిని పట్టుకోవచ్చు. అన్ని అంకెలూ 5, 10, 15, 20 అని గుండ్రంగా ఉంటే కొలపాత్ర సరిగా చూడలేదని తెలిసిపోతుంది. వారం రోజుల వరస ఒకే సిరాతో, ఒకే ఒరవడిలో, ఒక్క గీత వంకర లేకుండా ఉంటే అది ఆదివారం కూర్చుని నింపిన వారమని ఇట్టే తెలుస్తుంది. నిజంగా రోజూ రాసిన పేజీ ఎగుడుదిగుడుగా ఉంటుంది, మధ్యలో పిల్లవాడి చేతిరాత వస్తుంది, ఒక మూల పసుపు మరక ఉంటుంది. ఆఫీసులో టైపు చేసిన పట్టికలో ఈ ఆనవాళ్లేవీ మిగలవు. నిజమూ కల్పితమూ ఒకే అచ్చులో కనిపిస్తాయి.

పుస్తకం పెట్టదలచుకున్న ఊరికి చెప్పాల్సిన నాలుగు మాటలు ఇక్కడే చెబుతాను, ఎందుకంటే ఇవి చెప్పేవాళ్లు కరువయ్యారు.

మొదటి పేజీని అంకెలకు వాడకండి. అక్కడ గేజి ఎక్కడ నిలబెట్టారో, చెట్టుకూ గోడకూ ఎంత దూరమో, ఏ వేళకు కొలుస్తారో రాయండి. ఎనిమిదిన్నరకు చూసింది అంతకు ముందు ఇరవై నాలుగు గంటల వాన. ఐదో తారీఖు సాయంత్రం కురిసింది ఆరో తారీఖు ఎదుట పడుతుంది. ఈ కట్టుబాటు మొదటి పేజీలో లేకపోతే రాసే మనిషి మారిన రోజు నుంచి పద్దంతా ఒక రోజు పక్కకు జరుగుతుంది. కొలపాత్ర విషయం ఇంకా ముఖ్యం. ప్రతి గేజికీ దాని గరాటు వెడల్పును బట్టి కొలపాత్ర ఉంటుంది. 200 చదరపు సెంటీమీటర్ల నోరున్న గేజిలో 20 మిల్లీలీటర్ల నీళ్లు ఒక మిల్లీమీటరు వాన. దాని పాత్రను 100 చదరపు సెంటీమీటర్ల గేజికి వాడితే పడిన వానలో సగమే లెక్కకొస్తుంది. పాత్ర పగిలితే పక్క ఊరి పాత్ర తెచ్చుకుని ఏడాదంతా సగం వాన రాసుకోవద్దు. గరాటు కొలత మొదటి పేజీలో ఉంటే మందుల షాపులో దొరికే మిల్లీలీటర్ల గ్లాసుతోనైనా నెట్టుకురావచ్చు.

బోరు మట్టం దగ్గర జాగ్రత్త ఎక్కువ కావాలి. కేసింగ్ పైపు నేల కంటే అడుగో రెండడుగులో పైకి ఉంటుంది. ఒకరు పైపు అంచు నుంచి, తర్వాతి మనిషి నేల నుంచి కొలిస్తే నీళ్లు ఉన్నట్టుండి రెండడుగులు పైకి వచ్చినట్టు పుస్తకం చెబుతుంది. ఎక్కడి నుంచి కొలుస్తున్నారో పైపు మీద రంగుతో గుర్తు పెట్టి, అదే మాట పుస్తకంలో రాయాలి. ఇంకోటి, మన దగ్గర మోటార్లకు ఆటో స్టార్టర్లున్నాయి. కరెంటు రాగానే వాటంతటవే తిరుగుతాయి. నీళ్లు తోడుతున్న బోరులో టేపు దించితే కనిపించేది ఊరి నీటిమట్టం కాదు. రాత్రంతా ఊరుకున్న బోరును కరెంటు రాకముందు కొలవాలి, పక్క బోరు ఆడుతుంటే ఆ సంగతీ రాయాలి. మన గట్టి రాతి నేలల్లో నీళ్లు నిలిచే సందులు తక్కువ. కొద్ది నీళ్లు దిగినా మట్టం చాలా పైకి వస్తుంది, కొద్దిగా తోడినా చాలా లోతుకు పోతుంది. అందుకే ఒక్క కొలతతో ఏమీ తెలియదు. నాలుగైదేళ్ల వరస ఉంటేనే, మన ఊరి నేల ఏ మాత్రం వానకు ఎన్నాళ్లకు స్పందిస్తుందో బయటపడుతుంది. ఆ సంగతి ఏ పెద్ద పుస్తకంలోనూ దొరకదు, ఆ ఊరి పుస్తకంలోనే దొరకాలి.

కొలవని రోజు సున్నా పెట్టకండి, అడ్డగీత గీయండి. పెళ్లికి పోయి మూడో రోజు వచ్చి సీసా చూస్తే, పడ్డ వానంతా కలిపి రాసి, మూడు రోజులదని పక్కన చెప్పండి. తప్పు రాస్తే రుద్ది చెరపకుండా ఒక్క గీత కొట్టి పక్కన సరైనది వేయండి. చివరి గడి వెడల్పుగా ఉంచండి. పక్క చేనులో కొత్త బోరు ఏడు వందల అడుగులు వేశారని, చెరువు అలుగు పారిందని, వేరుశనగకు ఆకుమచ్చ కనిపించిందని అందులో రాయండి. పదేళ్ల తర్వాత అంకెలకు అర్థం చెప్పేది ఆ గడే.

గోడమీద బోర్డు వద్దనడం లేదు. నలుగురి కంట పడుతుంది, రాసే మనిషికి ఊళ్లో గౌరవం తెస్తుంది. ఫోనులో కూడా పంపుకోండి. నెలకోసారి పేజీని ఫొటో తీసి ఇద్దరు ముగ్గురి దగ్గర దాచితే చెదల భయం ఉండదు. వీటన్నిటికీ మూలం పుస్తకం కావాలి, మిగతావన్నీ దానికి నకళ్లు కావాలి. ఇప్పుడు జరుగుతున్నది తలకిందులుగా ఉంది: నకలుకు జీతాలు, మూలానికి చెదలు.

రాసేవాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు, ఆ సంగతి కూడా లోకానికి పట్టలేదు. ఎనిమిదిన్నరంటే ఇంట్లో ఏ వేళో ఆలోచించండి. పాలు పోసి రావాలి, పిల్లల క్యారియర్లు కట్టాలి, కూలికి పోయే ఆటో వీధి చివర హారన్ కొడుతుంటుంది. ఆ మధ్యలోనే గేజి దగ్గరికి వెళ్లి అంకె చూసి రావాలి. ఇన్నేళ్లు ఎందుకు రాశావమ్మా అని ఒకామెను అడిగితే, "రాయకుంటే ఎట్ల సార్, పోయినేడు ఇదే కార్తెకు వాన పడిందా లేదా అని మా ఇంటాయనే నన్ను అడుగుతాడు గదా" అంది. ఆమె మామగారు ఆకాశం చూసి చెప్పేవాడట, ఇప్పుడు ఆయన కూడా కోడలి పుస్తకం తెమ్మంటాడట. ఊరికి వచ్చే అధికారులు మాత్రం ఆమెను గేజి పక్కన నిలబెట్టి ఫొటో తీసుకున్నారు. పుస్తకం తిరగేయలేదు.

అన్నిటికంటే పెద్ద అన్యాయం బీమా దగ్గర జరుగుతోంది. వాతావరణ ఆధారిత పంటల బీమాలో చెల్లింపు తేలేది ముందుగా ప్రకటించిన వాతావరణ కేంద్రం అంకెలను బట్టి. చేనులో ఏం జరిగిందో ఎవరూ వచ్చి చూడరు. కేంద్రం ఉన్న చోట ఒక మంచి వాన పడితే, కిలోమీటర్ల దూరంలో ఎండిపోయిన ఊరికీ వాన పడినట్టే లెక్క. ఎండిన ఊరి రైతు తన పుస్తకం పట్టుకుని ఒక ఆఫీసుకు వెళ్లడం నేను చూశాను. ఆ సీజనంతా తేదీ తేదీకీ రాసి ఉంది. బల్ల అవతలి మనిషి దాన్ని ముట్టుకోకుండానే ఇది ప్రూఫ్ కాదన్నాడు. ఆ రైతు మారు మాట్లాడకుండా పుస్తకాన్ని చంకలో పెట్టుకుని బయటికి వచ్చాడు. ప్రూఫ్ కాదా? కళ్లతో చూసి, ఆ పూటే రాసి, తప్పయితే గీత కొట్టి దిద్ది, ఊరందరి ఎదుటా ఉంచిన లెక్క సాక్ష్యం కాకపోతే, ఊళ్లోకి రాని యంత్రం ఊరి తరఫున ఎలా సాక్ష్యమవుతుంది?

పుస్తకం ఒక్కదాన్ని చూసి డబ్బు చెల్లించమని నేను అడగను. దురాశకు తలుపు తెరుచుకుంటుందన్న భయం అర్థం చేసుకోగలను. కేంద్రం అంకెకూ ఊరి అంకెకూ పెద్ద తేడా వచ్చినప్పుడు మనిషి వచ్చి చేను చూడాలి, ఆ మాత్రం కదలికకు ఊరి పుస్తకం చాలాలి. ఏ సీజనుకా సీజను ముగిశాక తెచ్చిన పుస్తకాన్ని నమ్మలేమంటే నెలనెలా నకలు తీసుకోండి. ఆంధ్రలో 2019 నుంచి గ్రామ సచివాలయాలు, ఆ మరుసటి ఏడు నుంచి రైతు కేంద్రాలు ఊళ్లోనే ఉన్నాయి. తెలంగాణలో రైతు వేదికలున్నాయి. నెలాఖరున రాసే మనిషి పేజీ తెస్తుంది, అక్కడి ఉద్యోగి నకలు తీసి తేదీతో ముద్ర వేసి ఒకటి ఫైలులో పెట్టుకుంటాడు. ముద్ర పడ్డాక వెనక్కి వెళ్లి వాన మార్చడం ఎవరి తరం? దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, టెండర్లు అక్కర్లేదు, ఒక బైండు పుస్తకం, ఒక స్టాంపు ప్యాడు చాలు.

రాసే మనిషికి నెలకు కొంత ఇవ్వండి. యంత్రం పాడైతే బాగు చేయడానికి కాంట్రాక్టులు ఇస్తున్నాం కదా, పొద్దున్నే లేచి నడిచే కాళ్లకు ఏమీ ఇవ్వకుండా పుణ్యం పేరు చెప్పడం తగదు. జిల్లా గ్రంథాలయాల్లో ఒక బీరువా ఈ పుస్తకాల కోసం కేటాయించండి. నిండిన పుస్తకం అక్కడికి చేరాలి, రాసినవాళ్ల పేరు అట్టమీద ఉండాలి. వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో ఎంఎస్సీ చేసే పిల్లలు ఎక్కడెక్కడి డేటా కోసమో వెతుకుతారు, వాళ్లను ఈ ఊళ్లకు పంపండి. ఇంకా అటకల మీద మిగిలినవాటిని ముందు దింపించండి. వేసవి సెలవుల్లో ఒక్కో మండలానికి ఇద్దరు పిల్లలు ఫోనులు పట్టుకుని తిరిగి పేజీ పేజీ ఫొటో తీసినా చాలా దక్కుతుంది. వచ్చే జూన్‌లో వానలు మొదలై అటకలు కారే లోపల ఈ పని మొదలుపెట్టమని రెండు రాష్ట్రాల వ్యవసాయ శాఖలనూ, భూగర్భజల శాఖలనూ అడుగుతున్నాను.